పంపుల దగ్గర్నుంచి మేయర్ కుర్చీ దాకా: షికాగో ఇంజనీరు డెవిట్ క్రెగియర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి చుట్టాలు వస్తే వాళ్ళను షికాగో డౌన్‌టౌన్‌లోని పాత వాటర్ టవర్ దగ్గరికి తీసుకెళ్ళి ఫొటోలు దిగడం మా ఇంట్లో ఆనవాయితీ. ఫొటోలయ్యాక రోడ్డుకు అవతల ఉన్న పంపింగ్ స్టేషన్ చూపించి, “ఇక్కడ మిషన్లు చూసుకున్నాయన తర్వాత ఈ ఊరికి మేయర్ అయ్యాడు” అని చెబుతాను. ఇక ప్రశ్నలు మొదలవుతాయి. మనుషులు మారినా ప్రశ్నలు మాత్రం అవే. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. మొదటి నుంచీ చదవాలనేం లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## పుట్టుక, చదువు, షికాగో రాక

ఎవరండీ ఈ క్రెగియర్? పేరు కూడా వినలేదే!

షికాగోలో పుట్టి పెరిగిన వాళ్ళలోనే చాలామంది వినలేదు లెండి. పూర్తి పేరు డెవిట్ క్లింటన్ క్రెగియర్. 1829 జూన్ 1న న్యూయార్క్‌లో పుట్టారు. 1853లో షికాగో వచ్చి ఊరి నీటి పంపుల దగ్గర ఉద్యోగంలో చేరారు. 1879లో సిటీ ఇంజనీరు, 1882లో పబ్లిక్ వర్క్స్ కమిషనర్ అయ్యారు. 1889 నుంచి 1891 దాకా మేయర్‌గా చేసి, 1898 నవంబరు 9న చనిపోయారు. సరస్సు కింద సొరంగం తవ్వించినాయన వేరు, టవర్‌కు నమూనా గీసినాయన వేరు, 1893లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పటి మేయర్ ఇంకొకాయన. క్రెగియర్ వీళ్ళందరి మధ్యా ఉండి, రోజువారీగా ఊరికి నీళ్ళు ఆగకుండా చూసుకున్న మనిషి. ఆయన పేరు మరుగున పడిపోవడానికి నాకు తోచిన కారణం అదే.

ఏ కాలేజీలో చదివారు? ఇంజనీరింగ్ డిగ్రీ ఉందా?

లేదు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. బతుకుతెరువు కోసం ఆవిరి పడవల్లో ఇంజన్ గదిలో పనికి కుదిరారు. తర్వాత న్యూయార్క్‌లో పెద్ద పెద్ద ఆవిరి యంత్రాలు తయారుచేసే మోర్గాన్ ఐరన్ వర్క్స్‌లో చేరారు. ఆ రోజుల్లో అమెరికాలో ‘ఇంజనీర్’ అనే మాట డ్రాయింగులు గీసేవాళ్ళకూ వాడేవారు, ఇంజన్ నడిపేవాళ్ళకూ వాడేవారు. ఇప్పటికీ అక్కడ రైలు డ్రైవర్‌ను ఇంజనీర్ అనే అంటారు. క్రెగియర్ రెండో రకంగా మొదలై మొదటి రకంలోకి వెళ్ళారు. మసి, నూనె, ఆవిరి మధ్యలోనే ఆయన చదువంతా సాగింది.

డెవిట్ క్లింటన్ అంటే ఇంటిపేరా? క్లింటన్ల బంధువా?

ఇంటిపేరు క్రెగియర్. డెవిట్ క్లింటన్ పెట్టిన పేరు. ఎరీ కాలువ తవ్వించిన న్యూయార్క్ గవర్నర్ పేరు అది. ఆ గవర్నర్ 1828లో చనిపోయారు, ఈయన ఆ మరుసటి ఏడు పుట్టారు. మనవాళ్ళు నాయకుల పేర్లు పిల్లలకు పెట్టుకున్నట్టే అక్కడా చాలామంది ఆ పేరు పెట్టుకున్నారు. అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కూ ఈయనకూ ఏ సంబంధమూ లేదు.

న్యూయార్క్ వదిలి షికాగోకే ఎందుకు వచ్చారు?

పంపు బిగించడానికి. షికాగో కొత్తగా కట్టుకుంటున్న నీటి సరఫరా కేంద్రానికి ఆవిరి ఇంజన్ కావలసి వచ్చింది. దాన్ని తయారుచేసింది మోర్గాన్ ఐరన్ వర్క్స్. ఆ పని మీద 1853లో వచ్చిన క్రెగియర్ ఇక వెనక్కి వెళ్ళలేదు. మన ఊళ్ళలో బోరు మోటారు బిగించడానికి వచ్చిన మెకానిక్‌ను “నువ్విక్కడే ఉండిపోరాదూ” అని పట్టుకున్నట్టే అయింది. అప్పటికి షికాగో వేగంగా పెరుగుతున్న చిన్న పట్నం. 1850 జనాభా లెక్కల్లో 30,000 మంది కూడా లేరు.

## పంపింగ్ స్టేషన్ రోజులు

పక్కనే సముద్రమంత సరస్సు పెట్టుకుని షికాగోకు నీళ్ళ కష్టమేంటి?

నీళ్ళకు కొదవ లేదు, మంచి నీళ్ళకే కరువు. ఊరి మురుగంతా షికాగో నదిలోకి పోయేది, ఆ నది మిషిగన్ సరస్సులో కలిసేది. తాగే నీళ్ళూ ఆ సరస్సులోంచే తోడేవారు. 1854లో కలరా వచ్చి ఊళ్ళో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అదే ఏడు కొత్త పంపింగ్ కేంద్రం పని మొదలుపెట్టింది. అయితే నీళ్ళు తీసుకునే చోటు ఒడ్డుకు 600 అడుగుల దూరంలోనే ఉండేది. గాలి వాటాన్ని బట్టి నది మురుగు అక్కడికీ వచ్చేది.

దీనికి మందు కనిపెట్టింది అప్పటి సిటీ ఇంజనీరు ఎలిస్ చెస్‌బ్రో. ఒడ్డు నుంచి 2 మైళ్ళ దూరం దాకా సరస్సు అడుగున, బంకమట్టిలోంచి 5 అడుగుల వ్యాసంతో సొరంగం తవ్వించారు. 1864లో మొదలుపెట్టిన ఆ సొరంగం నుంచి 1867లో ఊరికి నీళ్ళు వచ్చాయి. ఆ నీటిని ఊళ్ళోకి నెట్టే పంపుల బాధ్యత క్రెగియర్‌ది.

కుళాయిల్లో చేపలు వచ్చేవట, కట్టుకథేనా?

నిజమే. సొరంగం రాకముందు చిన్న చిన్న చేపపిల్లలు పైపుల్లోంచి ఇళ్ళలోకి వచ్చేవి. చలికాలంలో బతికున్న చేపలు, ఎండాకాలంలో చచ్చినవి!

వాటర్ టవర్ అంటే మన ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటిదేనా?

అందరూ పడే పొరపాటు ఇది. అందులో ట్యాంకు లేదు. 154 అడుగుల ఆ రాతి కట్టడం లోపల ఉన్నది 3 అడుగుల వ్యాసం, 138 అడుగుల ఎత్తు ఉన్న ఒక నిలువు పైపు.

ఆవిరి పంపు నీటిని ఒకే ధారగా నెట్టదు. పిస్టన్ కదిలిన ప్రతిసారీ ఒక్కో తోపు తోస్తుంది. మన పాత చేతిపంపులో నీళ్ళు కుదుపులుగా పడతాయే, ఊరంత పెద్ద పంపులో అలాంటిది ఊహించుకోండి. ఒక్కో తోపుకు పైపులు అదిరిపోయేవి, అతుకులు వదులయ్యేవి. మధ్యలో నిలువు పైపు ఉంటే ఎక్కువైన ఒత్తిడికి నీళ్ళు అందులో పైకి లేస్తాయి, తోపు తగ్గగానే కిందికి దిగుతాయి. ఇళ్ళకు వెళ్ళే ధార మాత్రం కుదురుగా ఉంటుంది. ఆ మొద్దు పైపు బయటికి కనిపించకూడదని చుట్టూ కోటలాంటి టవర్ కట్టారు. 1869లో పూర్తయింది. లోపలున్నది ఇనుప గొట్టమని చెబితే మా చుట్టాల్లో సగం మంది మొహాలు చిన్నబోతాయి.

టవర్, సొరంగం ఈయన కట్టినవేనా?

కాదు. సొరంగం చెస్‌బ్రో ఆలోచన, టవర్ నమూనా విలియం బోయింగ్టన్ అనే ఆర్కిటెక్టుది. క్రెగియర్ పంపింగ్ స్టేషన్‌కు చీఫ్ ఇంజనీరు. బొగ్గు వేయించడం, బాయిలర్లు పేలకుండా చూడటం, పిస్టన్లు అరిగితే మార్పించడం, ఊరు పెరిగే కొద్దీ కొత్త ఇంజన్లు తెప్పించడం ఆయన పని. ఒక్క రోజు పంపు ఆగితే ఊరంతా గగ్గోలు పెడుతుంది, ఏడాదంతా ఆగకుండా నడిస్తే ఎవరికీ గుర్తుండదు. మన ఊళ్ళలో కరెంటు లైన్‌మన్ అడగండి, ఈ బాధ బాగా చెబుతాడు.

1871లో ఊరంతా తగలబడినప్పుడు పంపులు పనిచేయలేదా?

మంట 1871 అక్టోబరు 8 రాత్రి మొదలైంది. గాలికి ఎగిరిన నిప్పురవ్వలు నది దాటి ఉత్తరం వైపు పడ్డాయి. మర్నాటి తెల్లవారుజామున పంపింగ్ స్టేషన్ పైకప్పు అంటుకుని మిషన్ల మీదే కూలింది. పంపులు ఆగడంతో ఫైర్ సిబ్బంది గొట్టాల్లో నీళ్ళు ఆగాయి. ఆ తర్వాత మంటను ఆపే మార్గమే లేకపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మందికి ఇళ్ళు లేకుండా పోయాయి. పక్కనే ఉన్న రాతి టవర్ మాత్రం నిలబడింది. అందుకే అది ఊరికి గుర్తుగా మిగిలింది.

అప్పటికి స్టేషన్ క్రెగియర్ చేతిలోనే ఉంది. ఆయన్ను తప్పుపట్టాలా? నా మటుకు నేను పట్టను. గోడలు రాతివైనా పైకప్పుకు నిప్పు అంటుకునేలా కట్టారు. ఊరంతటికీ ఒకే స్టేషన్, దానికి ప్రత్యామ్నాయం లేదు. తర్వాత కాలిపోయిన మిషన్లను బాగుచేసి మళ్ళీ నీళ్ళు వదిలే పని కూడా ఈయన, ఈయన మనుషుల మీదే పడింది. పడమటి వైపు ఇంకో పంపింగ్ స్టేషన్ కావాలన్న తొందర కూడా ఈ దెబ్బ తర్వాతే పెరిగింది.

ఫైర్ హైడ్రెంట్ కనిపెట్టింది ఈయనేనా?

కాదు. మంటలార్పేవాళ్ళు నీళ్ళు పట్టుకోవడానికి వీధుల్లో పెట్టే ఆ కుళాయిలు అంతకు ముందే ఉన్నాయి. షికాగో వీధుల్లో పెట్టిన ఒక రకం హైడ్రెంట్‌కు మాత్రం నమూనా ఈయనది.

ఫ్రీమేసన్ అట కదా, రహస్య సంఘమా?

ఫ్రీమేసన్లది ఒక పాత సోదర సంఘం. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆ మేసన్లకు గ్రాండ్ మాస్టర్‌గా, అంటే పెద్దగా చేశారు. ఆ కాలంలో పలుకుబడి ఉన్న అమెరికన్లలో చాలామంది మేసన్లే. కుట్ర కథల జోలికి పోనక్కర్లేదు. డిగ్రీ లేని ఒక పంపుల ఇంజనీరుకు ఊరి వ్యాపారులతో, లాయర్లతో సమానంగా కూర్చునే చోటు అక్కడ దొరికింది. తర్వాత రాజకీయాల్లో ఈ పరిచయాలు పనికొచ్చాయనే నా ఉద్దేశం.

## సిటీ ఇంజనీరు, కమిషనర్

సిటీ ఇంజనీరు, పబ్లిక్ వర్క్స్ కమిషనర్ రెండూ ఒకటే కాదా?

కాదు. సిటీ ఇంజనీరు సాంకేతిక పనుల పెద్ద. నీళ్ళు, వంతెనలు, సొరంగాలు ఆయన చూసుకోవాలి. కమిషనర్ ఆ పైన ఉంటాడు. వీధులు, మురుగు, కాంట్రాక్టులు, వందల మంది ఉద్యోగులు, డబ్బు లెక్కలు అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. కమిషనర్‌ను మేయరే నియమిస్తాడు కాబట్టి అది సగం రాజకీయ పదవి. క్రెగియర్‌కు ఈ రెండు పదవులూ వచ్చింది డెమొక్రాట్ మేయర్ కార్టర్ హారిసన్ హయాంలో. అదే హారిసన్ 1891 ఎన్నికల్లో ఈయనకే ఎదురు నిలబడ్డారు!

షికాగో నదిని వెనక్కి తిప్పిన ఇంజనీరు ఈయనేనా?

ఇది నన్ను అందరికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న. సూటిగా చెప్పాలంటే కాదు. నది కథలో ఈయన పాత్ర మధ్యలో వస్తుంది.

మురుగును సరస్సులోకి కాకుండా వెనక్కి, మిసిసిపీ వైపు పంపాలన్నది చెస్‌బ్రో నాటి ఆలోచన. 1871లో పాత ఇల్లినాయ్–మిషిగన్ కాలువను లోతు చేసి నీటిని అటు మళ్ళించారు. కొన్నాళ్ళు పనిచేసింది, తర్వాత పూడుకుపోతూ ప్రవాహం మందగించింది. క్రెగియర్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1884లో, నదీ కాలువా కలిసే బ్రిడ్జ్‌పోర్ట్ దగ్గర పంపులు పెట్టి నది నీటిని కాలువలోకి ఎత్తిపోయడం మొదలైంది. పంపుల మనిషి కాలంలో పంపుల వైద్యం! ఊరు పెరిగిన వేగానికి అదీ చాలలేదు.

నదిని శాశ్వతంగా తిప్పింది 28 మైళ్ళ శానిటరీ అండ్ షిప్ కెనాల్. దాని కోసం శానిటరీ డిస్ట్రిక్ట్ అనే ప్రత్యేక సంస్థ పెట్టాలా వద్దా అని 1889 నవంబరులో ఓటింగ్ పెట్టారు. కావాలని 70,958 మంది, వద్దని 242 మంది! నీళ్ళ కంపుకు జనం ఎంత విసిగిపోయి ఉంటారో ఆ 242 చూస్తే తెలుస్తుంది. అప్పుడు మేయర్ క్రెగియరే. కానీ ఆ సంస్థ కార్పొరేషన్ కింద ఉండేది కాదు, దాని ట్రస్టీలు వేరు.

1885 వానలకు కలరా, టైఫాయిడ్ వచ్చి 90,000 మంది చనిపోయారని చదివాను, నిజమా?

నిజం కాదు. 1885 ఆగస్టు 2న కుండపోత వాన పడింది, నది మురుగు సరస్సులోకి ఎగదన్నింది. అక్కడి వరకూ నిజమే. కానీ గాలి వాటం కలిసొచ్చి నీళ్ళు తీసుకునే చోటుకు మురుగు పెద్దగా చేరలేదు. అంత ఘోరమైన మహమ్మారి ఏదీ ఆ ఏడు రాలేదు. 1880లో ఊరి జనాభాయే 5 లక్షలు. 90,000 మంది పోతే ప్రతి ఆరుగురిలో ఒకరు పోయినట్టు! అయినా పుస్తకం నుంచి పుస్తకానికి పాకుతూ ఈ అంకె చాలాకాలం బతికింది. ఆ వాన జనాన్ని భయపెట్టింది, కాలువ కావాలన్న పట్టుదల పెంచింది. చావులు మాత్రం కల్పన.

## మేయర్ కుర్చీ

ఇంజనీరు నేరుగా మేయర్ ఎలా అయ్యారు?

నేరుగా కాలేదు. 1886లో కమిషనర్ పదవి దిగాక పడమటి షికాగోలో ట్రామ్‌లు నడిపే కంపెనీకి సూపరింటెండెంటుగా వెళ్ళారు. 1889 ఏప్రిల్ ఎన్నికల్లో డెమొక్రాట్లు ఆయన్ను నిలబెట్టారు. ఎదురుగా అప్పటి మేయర్, రిపబ్లికన్ జాన్ రోష్. 1886లో హేమార్కెట్ అనే చోట కార్మికుల సభ దగ్గర జరిగిన బాంబు పేలుడు తర్వాత ఊళ్ళో పోలీసుల జులుం పెరిగిందని కార్మికుల్లో కోపం ఉంది. ఇటు చూస్తే ముప్పై ఏళ్ళుగా ఊరికి నీళ్ళిచ్చిన, చేతులకు మసి అంటిన మనిషి. పది వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు.

మన మేయర్లలాగే పేరుకే పెద్దా, నిజంగా అధికారం ఉండేదా?

ఉండేది. మన కార్పొరేషన్లలో రోజువారీ పెత్తనమంతా కమిషనర్‌ది, మేయర్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు. షికాగోలో తలకిందులు: కమిషనర్‌ను పెట్టేదీ తీసేదీ మేయరే. మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకునేవారు, అయితే ఓటు హక్కు మగవాళ్ళకే. పదవీకాలం రెండేళ్ళు. కుర్చీలో కుదురుకునేలోపే మళ్ళీ ఎన్నికలు.

ఆయన హయాంలో జరిగిన పెద్ద పని ఏంటి?

ఊరు ఒక్కసారిగా నాలుగింతలైంది. 1889 జూన్ 29న హైడ్ పార్క్, లేక్, లేక్ వ్యూ, జెఫర్సన్ ప్రాంతాల జనం షికాగోలో కలుస్తామని ఓటేశారు. 44 చదరపు మైళ్ళ ఊరు దాదాపు 170 అయింది, రెండు లక్షల పైచిలుకు జనం కలిశారు. 1890 లెక్కల్లో 10,99,850 మందితో షికాగో ఫిలడెల్ఫియాను దాటి న్యూయార్క్ తర్వాతి స్థానానికి వచ్చింది.

శివారు జనం ఎందుకు కలిశారంటారా? నీళ్ళు, మురుగు కాలువలు, ఫైర్ స్టేషన్లు. హైదరాబాద్ చుట్టుపక్కల మున్సిపాలిటీలను 2007లో కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు మనం విన్న వాదనలే. తేడా ఏంటంటే, అక్కడ ముందు ఓటింగ్ పెట్టారు. విలీనం చేసింది మేయర్ కాదు, జనం. కానీ ఆ కొత్త ప్రాంతాలన్నింటికీ పైపులు, రోడ్లు ఇవ్వాల్సిన బరువు ఆయన నెత్తిన పడింది.

వివేకానందుడు వచ్చినప్పుడు మేయర్ ఈయనే కదా?

కాదు. సర్వమత సభ 1893 సెప్టెంబరు 11న మొదలైంది. అప్పటికి మేయర్ కార్టర్ హారిసన్. ఆ అక్టోబరు 28న హారిసన్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు.

అయితే ఆ సభ షికాగోలో జరగడంలో క్రెగియర్ చెయ్యి ఉంది. అది ప్రపంచ ప్రదర్శనలో భాగంగా జరిగింది. ఆ ప్రదర్శన కోసం న్యూయార్క్, వాషింగ్టన్, సెయింట్ లూయీ కూడా పోటీపడ్డాయి. 1889 వేసవిలో మేయర్‌గా క్రెగియర్ ఊరి పెద్దలతో కమిటీ వేశారు. వంద మందితో అనుకున్నది 250కి పెరిగింది. 50 లక్షల డాలర్లు పోగేస్తామన్నారు, తర్వాత కోటి అన్నారు. 1890 ఫిబ్రవరి 24న అమెరికా కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ ఎనిమిది సార్లు ఓటు వేస్తే గానీ షికాగో గెలవలేదు. ప్రదర్శన జరిగిన జాక్సన్ పార్క్ హైడ్ పార్క్ ప్రాంతంలోనిది. అంటే 1889 విలీనం జరగకపోతే ఆ స్థలం ఊరి బయటే ఉండేది.

మనకు ఇంకో ముడి కూడా ఉంది. ఆ ప్రయాణానికి ముందు, 1893 ఫిబ్రవరిలో, వివేకానందుడు సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడారు, తాను పడమటి దేశాలకు ఎందుకు వెళ్తున్నానన్నదే విషయం.

మొత్తం మీద మంచి మేయరేనా?

మంచి ఇంజనీరు, మామూలు మేయర్ అంటాను. జూదశాలల మీద మెతకగా ఉన్నారని విమర్శలొచ్చాయి. నాకు అంతకన్నా బాధనిపించేది టైఫాయిడ్. 1891లో షికాగోలో ఆ జబ్బుతో సుమారు 2,000 మంది చనిపోయారు. జీవితమంతా నీళ్ళ పనే చేసిన మనిషి మేయర్‌గా ఉండగానే ఆ నీళ్ళు జనం ప్రాణాలు తీయడం మొదలైంది. 2 మైళ్ళ సొరంగం నోటి దాకా మురుగు చేరుతోంది. సరస్సులోకి ఇంకా లోపలికి, 4 మైళ్ళ దూరానికి వెళ్ళే కొత్త సొరంగం 1892లో గానీ అందుబాటులోకి రాలేదు. ఆయన నిర్లక్ష్యం అనను. ఊరు పరిగెడుతోంది, పైపులు నడుస్తున్నాయి.

రెండోసారి ఎందుకు ఓడిపోయారు?

సొంత పార్టీ ఓట్లు చీలి. పార్టీ టికెట్ క్రెగియర్‌కు ఇస్తే, కార్టర్ హారిసన్ విడిగా నిలబడి 40,000కు పైగా ఓట్లు లాక్కున్నారు. రిపబ్లికన్ హెంప్‌స్టెడ్ వాష్‌బర్న్ 400 కూడా లేని తేడాతో గెలిచారు. తనను పైకి తెచ్చినాయన చేతిలోనే క్రెగియర్ పదవి పోయింది. హారిసన్ రెండేళ్ళు ఆగి 1893లో గెలిచి, ప్రదర్శన పేరంతా దక్కించుకున్నారు.

## ఆ తర్వాత

మన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారితో పోల్చవచ్చా?

మా మావయ్యగారు ప్రతిసారీ అడిగే ప్రశ్న. ఇద్దరూ నీళ్ళ ఇంజనీర్లే, ఇద్దరూ పాలనలోకి వెళ్ళారు. పోలిక అక్కడితో సరి. విశ్వేశ్వరయ్యగారు పూణేలో ఇంజనీరింగ్ చదివిన మనిషి. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు రక్షణ ప్రణాళిక ఇచ్చారు, మైసూరు దివాన్‌గా నియమితులయ్యారు. ఓటు అడగాల్సిన అవసరం ఆయనకు రాలేదు. క్రెగియర్ ప్రణాళికలు వేసినాయన కాదు, యంత్రాలు నడిపినాయన. పైగా రెండేళ్ళకోసారి జనం ముందు నిలబడాలి.

ఇప్పుడు వెళ్తే ఆయన గుర్తులు ఏం కనిపిస్తాయి?

మిషిగన్ అవెన్యూ మీద టవర్, రోడ్డుకు అవతల పంపింగ్ స్టేషన్. ఆవిరి ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చినా ఆ స్టేషన్ ఇప్పటికీ ఊరికి నీళ్ళు పంపుతోంది. క్రెగియర్ సమాధి ఉత్తరాన రోజ్‌హిల్ శ్మశానంలో ఉంది. నదిని తిప్పిన పెద్ద కాలువ గేట్లు తెరిచింది 1900 జనవరి 2న. అప్పటికి ఆయన పోయి పద్నాలుగు నెలలు.